ఆమెను కిందికి పిలిచింది నేనే

మా మేనల్లుడు సెలవు ముగించుకుని చివరిసారి ఇంటి నుంచి బయలుదేరిన పొద్దున, వాడి మేనత్తను సెల్లారులోకి రమ్మని ఫోన్ చేసి పిలిచింది నేను. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు ఏళ్లు పట్టింది. చెప్పాల్సిన సందర్భాలు చాలానే వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ పక్కకు తప్పుకున్నాను.

ఇది రాద్దామని కూర్చుని ఇప్పటికి ఎన్నిసార్లు లేచానో. నీళ్లు తాగొచ్చాను. ఆరని బట్టలు బాల్కనీలోంచి తీసుకొచ్చి, మళ్లీ తీసుకెళ్లి ఆరేశాను. ఎవరూ అడగని మెయిల్ ఒకటి ఆఫీసుకు పంపాను. నిజాంపేటలో మా ఇంటి మీదుగా పొద్దున పూట దుండిగల్ వైపు శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. ఒకటి వచ్చిందంటే ఆ చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా చేయి కదలదు. ఇవాళ వరసగా వస్తున్నాయి. అయినా రాస్తాను.

వాడు మా అక్క కొడుకు. అక్క సర్కారు బడిలో టీచరు. బావది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. మాది సంగారెడ్డి వైపు ఊరు. అక్కా వాళ్లూ మేమూ ఒకే అపార్ట్‌మెంటులో పక్కపక్క బ్లాకుల్లో ఫ్లాట్లు కొనుక్కున్నాం. బావకు ఒక అక్క ఉంది. నాకు వదిన వరస. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. పిల్లలు లేరు. అక్క తెల్లారగానే బడికి పోయేది కాబట్టి వాడిని పెంచింది వదినే అనాలి. స్నానం చేయించడం, బస్సెక్కించడం, జ్వరమొస్తే ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తడం అన్నీ ఆమే. వాడు అన్నం తినడానికి మొండికేస్తే మేడ మీదికి తీసుకెళ్లేది. విమానం పోతుంటే వాడు తలెత్తి నోరు తెరిచేవాడు, ఆమె ముద్ద పెట్టేసేది. వాడికి విమానాల పిచ్చి పట్టింది అత్త ముద్దల వల్లేనని ఇంట్లో నవ్వుకునేవాళ్లం.

ఇంజనీరింగ్ అయ్యాక నేనే వాడికి మా కంపెనీలో ఉద్యోగానికి రిఫర్ చేశాను. రాయదుర్గంలో మా ఆఫీసు టవరులోనే కొన్ని నెలలు పనిచేశాడు. పనిచేశాడంటే, ప్రాజెక్టు దొరక్క బెంచీ మీద ఉన్నాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చునేవాడు కానీ చూపంతా అద్దం బయట ఉండేది. వైమానిక దళానికి ఎంపికైనట్టు కబురొచ్చిన రోజు నా ప్లేట్లోంచి పూరీ తీసుకుని తింటూ చెప్పాడు.

"మామా, ఈడ కూసున్నందుకు పైసలిస్తున్నరు. ఆడ లేచినందుకు ఇస్తరు. ఏది మంచిది చెప్పు?"

"మీ అమ్మకు చెప్పినవార?"

"అత్తకు చెప్పిన. అత్త అమ్మకు చెప్తది. గది లైన్."

అదీ మా ఇంట్లో పద్ధతి. ఏ కబురైనా ముందు వదినకే.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరైనా దూరం బయలుదేరుతుంటే ముత్తైదువ నీళ్ల చెంబుతో ఎదురు రావాలి. భర్త లేని ఆడమనిషి ఎదురు రాకూడదు. ఈ మాట వదినకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు. బయట చెప్పుల చప్పుడు మొదలవగానే ఆమె వంటింట్లోకి పోయి మిక్సీ వేసేది. అందులో ఏదైనా ఉందో లేదో కూడా తెలియదు. మనిషి గేటు దాటాక బాల్కనీలోకి వచ్చి వెనక నుంచి చూసేది. నేను ఇవేవీ నమ్మనని చెప్పుకునేవాడిని. కానీ ఆ మిక్సీ చప్పుడు నాకు ఎప్పుడూ వింతగా అనిపించలేదు. ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నట్టే అనిపించేది.

వాడు వైమానిక దళంలో అధికారి అయ్యాడు. భుజాల మీద పట్టీలొచ్చినా శిక్షణ ఇంకా మిగిలే ఉంది. పెద్ద విమానం నేర్చుకోవడానికి వేరే రాష్ట్రంలో ఉండేవాడు. ఆ మధ్యలో కొద్ది రోజుల సెలవు మీద వచ్చాడు. తిరిగి వెళ్లే పొద్దున విమానాశ్రయంలో దింపేది నేనే.

ఆ సమయానికి నాకు అమెరికా వాళ్లతో కాల్ ఉంది. వాళ్ల రోజు ముగిసి మా రోజు మొదలయ్యే వేళ పని చేతులు మారే కాల్. తప్పించుకోవచ్చు. నేను తప్పించుకోలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నా గొంతు మ్యూట్‌లో పెట్టి, సెల్లారులో కారు దగ్గర నిలబడ్డాను. వాడు సామాను డిక్కీలో పెడుతూ నా ముఖం వైపు చూశాడు.

"మామా, వాళ్లను మ్యూట్ల పెట్టినవా, మమ్ములనా?"

బావ నవ్వాడు. అక్క చెంబు పట్టుకుని కారుకు ఎదురుగా నిలబడి ఉంది. పక్క ఫ్లాట్ల వాళ్లు ఇద్దరు ముగ్గురు వాడికి చేతులు కలపడానికి దిగొచ్చారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, మామిడికాయ తొక్కు డబ్బా పైనే మర్చిపోయామని. వదిన వాడి కోసం కలిపి ఫ్రిజ్ మీద పెట్టింది. నేను పైకెళ్లి తేవచ్చు. కానీ మా లిఫ్టులో సిగ్నల్ ఉండదు. కాల్ కట్టవుతుంది. అంతే, అదొక్కటే కారణం. ఇన్నాళ్లూ వేరే గొప్ప కారణం ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను, దొరకలేదు.

కాల్‌లో కాసేపు ఇంకెవరో మాట్లాడుతున్నారని చూసుకుని, స్తంభం వెనక్కి జరిగి, రెండో ఫోన్ నుంచి వదినకు చేశాను.

"వదినా, తొక్కు డబ్బ మర్శిండు. జర కిందికి పట్కరా."

"నేనెందుకయ్యా? వాచ్‌మన్‌ను పంపు, ఇస్త."

"వాచ్‌మన్ యాడున్నడో ఏమో. ఎవలు చూస్తరు వదినా? జల్ది రా, లేటైతది."

ఆమె ఫోన్ పెట్టేసింది.

వాడు కారెక్కబోతుండగా లిఫ్టు తలుపు తెరుచుకుంది. సరిగ్గా వాడికి ఎదురుగా. చేతిలో డబ్బా, నైటీ మీద టవలు కప్పుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా వదిన. మమ్మల్నందరినీ చూసి అక్కడే ఆగిపోయింది, లిఫ్టు బయటికి ఒక కాలు, లోపల ఒక కాలు. వాళ్లంతా గేటు దగ్గరికి పోయుంటారని, కారు దగ్గర నేనొక్కడినే ఉంటానని అనుకుని వచ్చింది. అందరూ కారు దగ్గరే ఉన్నారని నేను చెప్పలేదు.

వాడు పరుగున పోయి ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. "అత్తా! నువ్వొచ్చినవా!" అని డబ్బా లాక్కుని, వంగి కాళ్లకు మొక్కాడు. అక్క ముఖం మారిపోయింది.

"బిడ్డా, ఇట్ల రా. లోపలికొచ్చి కూసోని ఇన్ని నీళ్లు తాగి పో."

"అక్కా, ఏ జమానల ఉన్నవే? ఫ్లైటు పోతది," అన్నాను నేను. అదే నోటితో, "ఆమెను నేనే పిలిచిన" అని కూడా అనొచ్చు. మూడు మాటలు. అప్పుడు దాని విలువ కూడా పెద్దగా ఉండేది కాదు, ఒక విసుగు, ఒక నవ్వు, అంతే. అనలేదు. కారు తీశాను.

ఔటర్ రింగు రోడ్డు మీద వాడు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చాలా సంతోషంగా ఉన్నాడు.

"అత్త ఎన్నడు రాలే మామా కిందికి. ఇయ్యాల ఎట్లొచ్చింది? ఎవలన్న పిలిచిండ్రా?"

నేను చెవిలోని ఇయర్‌ఫోన్ చూపించి, ఆగమన్నట్టు చెయ్యెత్తాను. కాల్‌లో ఆ క్షణాన నాతో ఎవరూ మాట్లాడటం లేదు. వాడు మళ్లీ అడగలేదు. కిటికీ దించి గాలికి ముఖం పెట్టాడు.

కొన్ని వారాలకు, వాడు ఎక్కిన శిక్షణ విమానం కూలిపోయింది. బావ ఫోన్ చేసినప్పుడు నేను రాయదుర్గంలో ఆఫీసులో ఉన్నాను. ఆయన ఏం చెప్పాడో విన్నాను, అర్థం కాలేదు. టవరు దిగి, ఎందుకో తెలియకుండా మెట్రో స్టేషన్ మెట్లెక్కాను. ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాను, మళ్లీ వెనక్కి నడిచాను. మెడలో ట్యాగులు వేసుకున్న పిల్లలు నన్ను తోసుకుంటూ పోతున్నారు. వాళ్లలో సగం మంది వాడి వయసే. సెక్యూరిటీ అతను వచ్చి, "ఏం సార్, పరేషాన్ల ఉన్నరు, యాడికి పోవాలె?" అని అడిగాడు. మళ్లీ మెట్లు దిగాను.

వాడిని పెట్టెలో తీసుకొచ్చారు. మీద జెండా, జెండా మీద టోపీ. యూనిఫారాల్లో వచ్చిన వాళ్లు అపార్ట్‌మెంటు ముందు రెండు వరసలుగా నిలబడ్డారు. పెట్టె దగ్గర అక్క, బావ కూర్చున్నారు. వదిన లోపలి నుంచి వచ్చింది, వాడి దగ్గర కూర్చోవడానికి వంగింది. అప్పుడు అక్క తలెత్తింది.

"నువ్వు దగ్గరికి రాకు. ఆ పొద్దున ఎదురొచ్చినవు, సాలు. నా బిడ్డను తిన్నవు."

అందరూ విన్నారు. వదిన వంగిన మనిషి అలాగే నన్ను చూసింది. బతిమాలలేదు, కోపం కూడా లేదు ఆ చూపులో. ఊరికే చూసింది, చెప్తానేమోనని. నేను వెనక్కి తిరిగి, కుర్చీలు మోస్తున్న వాళ్లకు అటు పెట్టండి ఇటు పెట్టండని చెప్పడం మొదలుపెట్టాను. మళ్లీ తిరిగేసరికి ఆమె జనం వెనక నీళ్ల ట్యాంకు గోడ దగ్గర నిలబడి ఉంది. అక్కడి నుంచి పెట్టె కనిపించదు. పెంచిన మనిషి వాడి దగ్గర కూర్చోలేదు, వాడి పెట్టె మీద చెయ్యి వేయలేదు.

నేను పిలిచానని ఆమె ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ నెల దాటకముందే రెండు సంచులు సర్దుకుని వెళ్లిపోయింది. బాచుపల్లిలో ఆడపిల్లల హాస్టల్లో వంట చూసుకునే పని, అక్కడే ఒక గది. బావ ఆపలేదు. ఆయన ఆ రోజుల్లో దేన్నీ ఆపే స్థితిలో లేడు. అక్కకైతే కొడుకు పోయిన దుఃఖం పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి, అది దొరికింది. అక్కను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు.

నన్ను నేను ఎలా సమాధానపరుచుకున్నానో చెప్పాలి. నేను శకునాలు నమ్మను. నమ్మని విషయానికి సంజాయిషీ ఇవ్వడం అంటే దాన్ని నమ్మినట్టే కదా అనుకున్నాను. చదువుకున్న వాడి వాదన. వినడానికి బాగుంటుంది. మా పనిలో ఏదైనా సిస్టం పడిపోతే ఆ రోజే కూర్చుని ఎక్కడ తప్పు జరిగిందో రాస్తాం. దాచొద్దని, మీ చేతిలో జరిగితే మీరే ముందు చెప్పండని కొత్త పిల్లలకు నేనే క్లాసు తీసుకుంటాను. క్లాసు అయ్యాక సీట్లో కూర్చోలేక కింద పార్కింగులో తిరిగేవాడిని. ప్రమాదం ఎందుకు జరిగిందో విచారణ చేసిన వాళ్లు బావకు చెప్పారు. ఆకాశంలో జరిగినదానికి మా సెల్లారుతో ఏ సంబంధమూ లేదు. అది నాకు తెలుసు, బావకు తెలుసు, పగటిపూట అక్కకూ తెలుసు. కానీ వదిన ఇంటికి దూరమైంది నిజం. ఆ నింద ఆమె మీద పడుతుంటే అడ్డుపడగలిగిన మనిషిని నేనొక్కడినే.

ఆ తరువాత ప్రతి ఏడాదీ వాడి పేరు మీద మా క్లబ్‌హౌస్‌లో రక్తదాన శిబిరం పెడుతున్నాం. ఏర్పాట్లన్నీ నేనే చూస్తాను. మైకు పట్టుకుని వాడి ధైర్యం గురించి మాట్లాడతాను. జనం చప్పట్లు కొడతారు. వదినను ఎవరూ పిలవరు.

మొన్నటి శిబిరానికి వాడితో కలిసి శిక్షణ తీసుకున్న కుర్రాడు వచ్చాడు. కాకినాడ వైపు అబ్బాయి. రక్తం ఇచ్చాక అక్క వాళ్ల ఇంటికి తీసుకెళ్లాం. సోఫా అంచున కూర్చుని, ఇల్లంతా చూసి అడిగాడు.

"అత్తయ్యగారు ఏరండీ?"

 "ఏ అత్త?" అంది అక్క.

"అదేనండీ, తొక్కు పెట్టి పంపేవారు కదా. మేమందరం ఆవిడ తొక్కు మీద బతికేశామండీ అక్కడ. చివరిసారి సెలవు నుంచి తిరిగొచ్చినప్పుడైతే వాడి సంతోషం చూడాలి. మా అత్త చెప్పుల్లేకుండా కిందికి దిగొచ్చి ఎదురు నిలబడిందిరా, ఇక మీదట నేను ఇంటి నుంచి బయల్దేరితే అత్తే ఎదురు రావాలి, ఇంకెవరొచ్చినా ఒప్పుకోను అన్నాడండీ. నాతో ఒకటే గొడవ, నువ్వు మా ఇంటికొచ్చి చూడు అని. ఆ మాట ఆవిడకి చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నానండీ."

అక్క టీ కప్పు కింద పెట్టింది. "ఆమె ఈడ ఉండదు బాబూ. ఊర్ల ఉంటది."

బాచుపల్లి మా ఇంటికి పక్కనే. బావ కిటికీ వైపు చూస్తున్నాడు. నేను మాట్లాడాల్సిన చోటు అదే. లేచి, టీ ఇంకొంచెం తెస్తానని వంటింట్లోకి పోయాను. మరోసారి తప్పుకున్నాను. ఆ కుర్రాడు చెప్పాల్సిన మాట చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఆ తరువాత నాకు నిలకడ లేకుండా పోయింది. ఆఫీసుకని బయలుదేరి బాచుపల్లి వైపు తిప్పేవాడిని. హాస్టల్ ఎదురుగా కారు ఆపి, గేటు లోపలికి పాల క్యాన్లు పోవడం, పిల్లలు బ్యాగులతో రావడం చూసి, మళ్లీ తిప్పుకుని రాయదుర్గం పోయేవాడిని. మీటింగుల్లో మాటలు వినపడేవి కావు. నా భార్య, "ఏంది మీకు? తింటరు, లేస్తరు, మల్ల కూసుంటరు. డాక్టరుకు చూపించుకోర్రి," అంది. ఆమెకు చెప్పాను మొదట. అంతా విని, "ఇన్నేండ్లు నాక్కూడ చెప్పలే గదా," అని మాత్రం అంది. మర్నాడు ఆదివారం. అక్క వాళ్లింటికి పోయాను.

అక్క చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బావ పక్కనే పేపరు చదువుతున్నాడు. నిలబడే చెప్పాను.

"అక్కా, ఆ పొద్దున వదిన అంతట ఆమె రాలే. నేను ఫోన్ చేసి పిలిచిన. రానన్నది. నేనే బలవంతం పెట్టిన. నా కాల్ కట్టయితదని నేను పైకి పోలే."

అక్క చేతిలోని చిక్కుడుకాయ ఒలిచి గిన్నెలో వేసింది. తరువాత నా వైపు చూసింది. ఆ రోజు పెట్టె దగ్గర వదినను చూసిన చూపు అదే. ఇన్నేళ్లూ నేను తప్పించుకుని తిరిగింది ఆ చూపు నుంచేనని అప్పుడు తెలిసింది.

"లోపలికొచ్చి నీళ్లు తాగి పొమ్మన్న. ఆగనిచ్చినవా నువ్వు?"

"లే."

"నువ్వు పిలిస్తే మాత్రం, ఎదురొచ్చింది ఆమెనే గదా."

"ఆమెను తెచ్చి నిలవెట్టింది నేనక్కా. అనాల్నంటే నన్ను అను."

"పో. ఇయ్యాల నా కండ్ల ముంగట ఉండకు."

బావ పేపరు మడిచి లేచాడు.  వాకిట్లోకి పోయి చెప్పులు వేసుకుంటుంటే అక్క అడిగింది, "నువ్వెటు పోతున్నవ్?"

"మా అక్క దగ్గరికి," అన్నాడు. అక్క ఆపలేదు.  చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని అలాగే కూర్చుంది.

నా కారులోనే ఇద్దరం పోయాం. హాస్టల్ చేరేసరికి అన్నాల వేళ. పిల్లలు ప్లేట్లు పట్టుకుని వరసలో ఉన్నారు. వదిన పెద్ద గరిటెతో పప్పు వడ్డిస్తోంది. జుట్టు బాగా నెరిసింది. తమ్ముణ్ని చూసి గరిటె ఆపింది, నన్ను చూసి మళ్లీ వడ్డించడం మొదలుపెట్టింది.

"జర ఆగుర్రి. పిల్లలు తినని."

గోడ పక్కన నిలబడ్డాం. బావ కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకు కాళ్లు ఆగడం లేదు. ఆమె ఖాళీ అయ్యాక, గదిలో తలుపేసుకుని చెప్పుకోవచ్చు. కానీ ఆమెను అన్నది నలుగురిలో. వరస పక్కగా ఆమె దగ్గరికి పోయి, వాడు ఆ రోజు ఎంత సంతోషపడ్డాడో, స్నేహితుడితో ఏమన్నాడో ముందు చెప్పాను. ఇక మీదట అత్తే ఎదురు రావాలన్నాడని చెప్పేసరికి ఆమె గరిటె గిన్నెలో వదిలేసి, కొంగుతో నోటిని అదిమిపట్టుకుంది. ముందు నిలబడ్డ పిల్ల ప్లేటు వెనక్కి తీసుకుంది.

గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుని ఆమె అడిగింది. "మీ అక్కకు చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నది?"

"ఎదురొచ్చింది నువ్వే గదా అన్నది. నన్ను పొమ్మన్నది."

"అంటది," అంది వదిన. "కడుపుకోత." ఆ పిల్ల ప్లేటు దగ్గరికి లాక్కుని పప్పు వేసి, "ఆ రోజు నువ్వు చెప్తవని చూసిన," అంది.

పిల్లలందరూ మమ్మల్నే చూస్తున్నారు. నాకు అదే కావాలి.

"వదినా, ఆ రోజు నిన్ను కిందికి పిలిచింది నేను. నిన్నంత మాట అంటుంటే నోరు మూసుకున్నది నేను. నువ్వు పెంచిన పిలగాని దగ్గర నిన్ను కూసోనియ్యకపోతే చూసుకుంట నిలవడ్డది నేను. తప్పు నాది వదినా, నీది కాదు. నన్ను మాఫ్ చెయ్యి."